కాళ్లూ చేతులూ చీము పట్టకుండా ఎలా చూసుకోవాలి: పొలం, పత్తి, సిమెంటు పనుల్లో ఉన్నవాళ్లకు

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యాయంటే మిర్యాలగూడ, హాలియా వైపు ఆడవాళ్ల కాళ్లు పొద్దున నుంచి సాయంత్రం దాకా బురదలోనే నానుతాయి. పాలమూరు నుంచి మేస్త్రీ పనికి పోయినవాళ్ల చేతులు తడి సిమెంటులో ఉంటాయి. దసరా దాటితే పత్తి ఏరేవాళ్ల వేళ్లకు ఎండిన కాయల మొనలు గుచ్చుకుంటూనే ఉంటాయి. పనులు వేరు, గాయాలు వేరు. దవాఖానకు వచ్చేసరికి చెప్పే మాట మాత్రం ఒకటే: చిన్నదే కదా అని ఊరుకున్నాం, చీము పట్టింది.

క్రిములను చంపే సబ్బులకూ లిక్విడ్లకూ మనం డబ్బులు బాగానే పెడతాం. చర్మం చిట్లకుండా చూసుకోవడానికి మాత్రం పది నిమిషాలు కూడా పెట్టం. నాకు ఇది తలకిందుల వ్యవహారంగా కనిపిస్తుంది. చిట్లని చర్మంలోంచి బ్యాక్టీరియా లోపలికి పోవడం చాలా కష్టం. దానికి ఎక్కడో ఒక సందు దొరకాలి. ఆ సందులు ఎక్కడ పడతాయి, వాటిని ఎలా మూయాలి, పడిన రోజు ఏం చేయాలి అన్నదే ఇక్కడ చెప్తాను.

ముందు చర్మం ఏం చేస్తుందో చూడండి

మీ ముంజేతి మీద పైకి కనిపించే పొర అంతా చచ్చిన కణాలే. గూనపెంకుల ఇంటి కప్పులాగా పదిహేను ఇరవై వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, వాటి సందుల్లో కొవ్వు నిండి ఉంటుంది. అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. రాలేటప్పుడు తన మీద కూర్చున్న బ్యాక్టీరియాను కూడా వెంట తీసుకుపోతుంది. అంటే మీరు ఏమీ చేయకపోయినా చర్మం రోజూ తనను తాను దులుపుకుంటూనే ఉంటుంది.

రెండోది పులుపు. మంచినీళ్ల పీహెచ్ 7 దగ్గర ఉంటుంది, అది తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద పీహెచ్ 5 చుట్టూ ఉంటుంది. జబ్బు తెచ్చే చాలా బ్యాక్టీరియాకు ఈ పులుపు పడదు. మామూలు బట్టీ సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది, కాబట్టి కడిగిన తర్వాత చర్మం మళ్లీ తన పులుపుకు రావడానికి కొంత సమయం పడుతుంది. తడి సిమెంటు పీహెచ్ 12 నుంచి 13. మేస్త్రీ పని చేసేవాళ్ల చేతులు గరుకెక్కి, చీలి, మంట పుట్టడానికి కారణం ఇసుక ఒక్కటే అనుకోవద్దు. సిమెంటులోని క్షారం ఆ కొవ్వునూ పులుపునూ రెంటినీ తినేస్తుంది.

చెమట కూడా ఊరికే కారదు. అందులో బ్యాక్టీరియాను చంపే డెర్మ్‌సిడిన్ అనే పదార్థం ఉందని జర్మన్ పరిశోధకులు 2001లో కనుక్కున్నారు. ఇక చర్మం మీద ఎప్పుడూ ఉండే మంచి బ్యాక్టీరియా సంగతి. స్టెఫిలోకాకస్ ఎపిడర్మిడిస్ అనేది మనందరి ఒంటి మీదా ఉంటుంది. తన జాతిలోనే చెడ్డదైన స్టెఫిలోకాకస్ ఆరియస్‌కు అది చోటు ఇవ్వదు, దాన్ని దెబ్బతీసే పదార్థాలు కూడా తయారుచేస్తుంది. సెగ్గడ్డలు లేపేది ఈ ఆరియసే. ప్రతి ముగ్గురిలో ఒకరి ముక్కులో ఇది ఏ బాధా పెట్టకుండా కాపురం ఉంటుంది. ముక్కులో పెట్టిన వేలితో పుండు గోకితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ దాటి ఏదైనా లోపలికి వస్తే పట్టుకునే కణాలు పై పొరలోనే కాపు కాసి ఉంటాయి. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వీటిని మొదట చూసి నరాల కణాలు అనుకున్నాడు. ఇవి చొరబడిన దాని ముక్కను పట్టుకుని దగ్గరలోని లింఫ్ గ్రంథికి తీసుకుపోతాయి, అక్కడ తెల్ల రక్తకణాలు తయారవుతాయి. కాలికి పుండు అయితే గజ్జల్లో, చేతికి అయితే చంకలో బిళ్ల కడుతుందని మన పెద్దవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ బిళ్ల ఈ గ్రంథే. బిళ్ల కట్టిందంటే పోరాటం చర్మం దాటి లోపలికి వచ్చిందని అర్థం. దాన్ని నూనె రాసి పిసకకండి, కాలి మీదో చేతి మీదో పుండు ఎక్కడుందో వెతకండి.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. అరచేతుల్లో, అరికాళ్లలో చెమట గ్రంథులే ఉంటాయి, నూనె గ్రంథులు ఉండవు. పని చేసేదేమో ఆ రెండే. అందుకే పగుళ్లు ముందు అక్కడే వస్తాయి.

కడగడం

పొలం నుంచి రాగానే కాళ్లూ చేతులూ మామూలు సబ్బుతో, మామూలు నీళ్లతో కడగండి. క్రిములను చంపుతుందని అమ్మే సబ్బు మీకు అక్కర్లేదు. ట్రైక్లోసాన్ లాంటి మందులు కలిపిన సబ్బులు మామూలు సబ్బు కంటే మేలు చేస్తాయని కంపెనీలు నిరూపించలేకపోయాయని, అమెరికాలో 2016లో వాటి అమ్మకాన్నే ఆపేశారు. సబ్బు చేసే పని జిడ్డును, దానితో పాటు క్రిములను విడగొట్టడం. తోసేయాల్సింది నీళ్లే. చేతులైతే 20 సెకన్లు, గోళ్ల కింద కూడా.

మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీళ్లు గట్టి నీళ్లు. సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టులా చర్మానికే అంటుకుంటుంది, తర్వాత దురద. నురగ రావడం లేదని ఇంకా సబ్బు రుద్దడం అందరూ చేసేదే. తక్కువ రుద్ది, ఎక్కువ నీళ్లు పోయండి. చివరి చెంబు మిషన్ భగీరథ నీళ్లో వాన నీళ్లో అయితే మరీ మంచిది. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ దాని కథ వేరు. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లకూ ఎముకలకూ చేటు, కాళ్లు కడుక్కుంటే కాదు.

సిమెంటు పని చేసేవాళ్లు సాయంత్రం దాకా ఆగొద్దు. భోజనానికి ముందు ఒకసారి, పని దిగాక ఒకసారి ధారగా నీళ్లు పోసి కడగాలి. గ్లవ్స్ లోపలికి సిమెంటు నీళ్లు పోతే అవి లేనిదానికంటే ఎక్కువ నష్టం, వెంటనే విప్పేయండి. సిమెంటు మీద మోకాళ్లతో కూర్చుని ఫ్లోరింగ్ చేసేవాళ్లకు ప్యాంటు తడిసి మోకాలి చర్మం కాలిపోవడం కూడా ఉంది. ముందు నొప్పి తెలియదు, రాత్రికి తెలుస్తుంది.

బీరపీచుతో రుద్దడం వారానికి ఒకసారి చాలు, అదీ మెల్లగా. తడి పీచును బాత్‌రూమ్‌లో వేలాడదీసి ఇంటిల్లిపాదీ వాడితే ఒకరి ఒంటి క్రిములు అందరికీ పంచినట్టే. ఎండలో ఆరేయండి, ఎవరిది వాళ్లకు పెట్టండి.

వేళ్ల సందులు

ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తాం అనేవాళ్లు దీన్ని పాటించండి.

నీళ్లలో నానిన కాళ్ల నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య సందు చూడండి. చర్మం తెల్లగా మెత్తబడి, గోకితే ఊడివచ్చేలా ఉంటుంది. దాని కింద సన్నటి చీలిక. దురద తప్ప పెద్ద బాధ ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కాలు మొత్తం వాచి, చలిజ్వరం వచ్చి మంచం పట్టించే ఇన్ఫెక్షన్ చాలాసార్లు ఈ చీలికలోంచే మొదలవుతుంది. మోకాలి కింద ఎర్రబడిన చోటునే అందరూ చూస్తారు. క్రిమి చొరబడిన చోటు జానెడు కింద, వేళ్ల మధ్య ఉంటుంది.

కాళ్లు కడిగాక ఒక్కో సందులో పాత నూలు చీర పేలికతో అద్ది తడి తీయండి. లాగి తుడవొద్దు, అద్దాలి. తర్వాత పావుగంట కాళ్లు గాలికి వదిలేయండి, టీవీ ముందు కూర్చున్నా సరే. బూట్లు వేసుకుని నాట్లకు పోయేవాళ్లు ఇంటికి రాగానే వాటిని తలకిందులుగా పెట్టి లోపల ఆరనివ్వండి. లోపల తడి ఉన్న బూటు వేసుకునే కంటే ఉత్త కాళ్లే నయం అని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. పొలం నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉంటే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా కాలి చీలికల్లోంచి ఒంట్లోకి పోయి జ్వరం, కామెర్లు తెస్తుంది. బూట్లు వేసుకోవాలి, ఆరబెట్టాలి, రెండూ.

సందులు అప్పటికే తెల్లబడి దురద పెడుతుంటే అది ఎక్కువగా ఫంగస్. ఉత్త క్లోట్రిమజోల్ క్రీమ్ పూటకోసారి, రెండు పూటలా, రెండు నుంచి నాలుగు వారాలు రాయండి. నాలుగు రోజుల్లో దురద పోతుంది, ఫంగస్ పోదు. మూడు వంతుల మంది అక్కడే ఆపేస్తారని నా అనుమానం.

మడిమలు

పగుళ్లలో మట్టి ఇరుక్కుంటుందని బ్లేడుతో చెక్కేవాళ్లు ఉన్నారు. అది మానేయండి. రాత్రి పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టి, మెత్తబడ్డాక నున్నటి రాయితో పైపైన రుద్ది, తడి అద్ది, తేమ ఇంకా కాస్త ఉండగానే వాజిలీన్ దట్టంగా పట్టించి, పాత సాక్సులు వేసుకుని పడుకోండి. కొబ్బరి నూనె కూడా పనికొస్తుంది. యూరియా కలిసిన క్రీమ్ మెడికల్ షాపులో దొరుకుతుంది, గట్టిపడిన మడిమలకు అది ఇంకా బాగా పనిచేస్తుంది. పొలానికి వేసే యూరియాను నీళ్లలో కలిపి ప్రయోగాలు చేయకండి. వేళ్ల సందుల్లో మాత్రం నూనె గానీ వాజిలీన్ గానీ పెట్టొద్దు, అక్కడ కావలసింది పొడి.

తెగిన రోజు

కొడవలి తగిలినా, బత్తాయి ముల్లు దిగినా, రేకు గీరుకున్నా మొదటి గంటలో చేసే పనే తర్వాతి పది రోజులను నిర్ణయిస్తుంది.

శుభ్రమైన గుడ్డతో ఐదు నుంచి పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. మధ్యలో ఎత్తి చూడొద్దు. నెత్తురు ఆగాక, తాగే నీళ్లను ధారగా ఐదు నిమిషాలు పోయండి. మట్టి కనిపిస్తే అది పోయేదాకా పోయండి. సబ్బు గాయం చుట్టూ రాయండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్లు కలపని యాంటీసెప్టిక్ గాయంలో పోస్తే క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాలూ చస్తాయి. మంట పుట్టిందంటే పని చేస్తోందని అర్థం కాదు.

తర్వాత పలుచగా వాజిలీన్ గానీ పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్ గానీ రాసి గాజుగుడ్డతో కప్పండి. గాయాన్ని గాలికి వదిలి పక్కు కట్టనిస్తేనే మానుతుందని చాలామంది నమ్మకం. జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త 1962లో పందుల మీద పరీక్షించి, కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం ఎండనిచ్చిన వాటికంటే చాలా త్వరగా పాకుతుందని చూపించాడు. తేమ అంటే తడి కాదు. కట్టు తడిసినా మురికైనా మార్చేయాలి, లేకపోతే రోజుకొకసారి.

గాయంలో పెట్టకూడనివి చెప్పుకోవాలంటే మన దగ్గర జాబితా పెద్దదే: పెండ, బూడిద, సున్నం, కాఫీ పొడి, బీడీ పొగాకు, కాలిన ఇంజన్ ఆయిల్. క్యాప్సూల్ విప్పి పొడి చల్లడం ఇంకా పోలేదు. ఆ మందు మింగడానికి చేసింది, గాయం మీద గడ్డకట్టి కింద చీమును దాస్తుంది. పసుపు విషయంలో చాలామంది నాతో గొడవ పడతారు. పసుపులో క్రిములను ఆపే గుణం ఉన్న మాట నిజమే. కానీ డబ్బాలో ఉన్న పసుపు శుభ్రంగా ఉండాలని లేదు, కల్తీ లేదని లేదు, అన్నిటికీ మించి గాయం రంగు మారిందో లేదో కనిపించకుండా చేస్తుంది. కూరలో వేసుకోండి.

పెండలో, మట్టిలో ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా గింజల్లాంటి రూపంలో ఏళ్ల తరబడి బతుకుతుంది. దానికి గాలి తగలని లోతు కావాలి. అందుకే పైపైన గీరుకున్న దానికంటే ముల్లు, మేకు దిగిన చిన్న రంధ్రమే ఎక్కువ ప్రమాదం. ఇంజెక్షన్ ప్రతి గీతకూ అక్కర్లేదు. చిన్నప్పటి టీకాలన్నీ పడి ఉంటే, శుభ్రమైన చిన్న గాయానికి చివరి డోసు పడి 10 ఏళ్లు దాటితేనే, మట్టి పెండ అంటిన గాయానికి 5 ఏళ్లు దాటితే వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోవడమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. తేదీ ఆధార్ కార్డు జిరాక్స్ వెనుక రాసి పెట్టుకోండి, పనికొస్తుంది.

కుక్క కరిస్తే లెక్క వేరు. సబ్బుతో, ధార నీళ్లతో 15 నిమిషాలు గడియారం చూసి కడిగి, కారం సున్నం ఏదీ పెట్టకుండా, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి.

తర్వాత ఏం గమనించాలి

పుస్తకాల్లో ఇన్ఫెక్షన్ అంటే ఎర్రబడటం అని ఉంటుంది. మన చామనఛాయ, నల్లటి ఒళ్ల మీద ఎరుపు సరిగ్గా కనిపించదు. గాయం చుట్టూ చర్మం ముదురు రంగులోకో ఊదా రంగులోకో మారి, బిగుసుకుని మెరుస్తుంది. రెండు కాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చండి. చేతి వెనుక భాగంతో రెంటినీ తాకి ఏది వేడిగా ఉందో చూడండి, అరచేయి కాయలు కాచి ఉంటుంది కాబట్టి వేడి తెలియదు. వాపు అంచు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి పక్కన టైము రాయండి. గాయమైన మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం వాపు, వేడి మామూలే. ఆ తర్వాత గీత దాటి వాపు పాకుతోందంటే ఆ రోజే దవాఖానకు వెళ్లాలి. డాక్టరుకు మీరు చెప్పే పది మాటల కంటే ఆ గీత ఎక్కువ చెప్తుంది.

చలిజ్వరం, గాయం నుంచి పైకి గీతలా పాకడం, గాయం చిన్నదై నొప్పి భరించలేనంత ఉండటం, చర్మం నల్లబడటం, పొక్కులు లేవడం, వీటిలో ఏది ఉన్నా రాత్రయినా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటలో ఏ ప్రభుత్వ పెద్దాసుపత్రి దగ్గరైతే అక్కడికి వెళ్లండి.

సెగ్గడ్డ లేస్తే పిండకండి. వేడి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెడితే చాలావరకు తానే పగులుతుంది. ముక్కు, పై పెదవి దగ్గర గడ్డను అసలు ముట్టుకోవద్దు, అక్కడి నెత్తురు మెదడు దగ్గరి నాళాలతో కలుస్తుంది. మామిడిపండ్లు తిని వేడి చేసి గడ్డలు వచ్చాయని పిల్లలకు పండ్లు మాన్పిస్తారు. పాపం మామిడిది కాదు. ఎండాకాలం చెమటకాయలను మురికి గోళ్లతో గోకడం వల్లే ఎక్కువగా వస్తాయి. గోళ్లు తీయండి, పండు పెట్టండి.

షుగర్ ఉన్నవాళ్లు, బోదకాలు ఉన్నవాళ్లు

షుగర్ ఉంటే తెల్ల రక్తకణాలు సరిగా పనిచేయవు, పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా తెలియదు. రోజూ పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోండి, లేదా మనవడిని చూడమనండి. చెప్పు వేసుకునే ముందు దులపండి. వేడి నీళ్లలో కాళ్లు పెట్టే ముందు మోచేత్తో చూడండి. పుండు రెండు రోజుల్లో మానే దారిలో లేకపోతే మూడో రోజు కోసం చూడొద్దు.

నల్లగొండ జిల్లాకు బోదకాలు కొత్త కాదు, పింఛను తీసుకునేవాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు. దోమ ద్వారా వచ్చిన పురుగు, బిళ్ల కట్టే ఆ గ్రంథులను కలిపే లింఫ్ నాళాలను పాడుచేసి ఉంటుంది. కానీ ఏటా పదే పదే వచ్చే జ్వరం, మంట, వాపు పెరగడం, వీటికి ఎక్కువగా కారణం ఆ పురుగు కాదు, వేళ్ల సందుల్లోంచీ మడతల్లోంచీ దూరే మామూలు బ్యాక్టీరియా. అందుకే ఈ జబ్బులో మందు బిళ్ల కంటే బకెట్, మగ్గు, సబ్బు, తువ్వాలు ఎక్కువ పని చేస్తాయి. ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే కిట్లలో ఉండేవీ అవే.

రోజూ ఒకసారి మోకాలి నుంచి కిందికి, ప్రతి మడతలోకీ వేలు పెట్టి మెల్లగా సబ్బుతో కడగండి. బ్రష్ వద్దు. సబ్బు వాసన పోయేదాకా నీళ్లు పోయండి. సన్నటి గుడ్డ పేలికను మడతల్లో, సందుల్లో పెట్టి తడి తీయండి. చీలిక ఉంటే పైన చెప్పిన క్లోట్రిమజోల్ క్రీమ్ రాయండి. పడుకున్నప్పుడు కాలి కింద దిండు, కూర్చున్నప్పుడు పీట. మడమను పైకీ కిందికీ కదపండి. జ్వరం, మంట వచ్చిన రోజుల్లో మాత్రం మర్దన, వ్యాయామం, వేడి కాపడం ఆపేసి, చల్లటి తడిగుడ్డ వేసి డాక్టరును కలవండి. ఇది కొన్ని నెలలు తప్పకుండా చేసినవాళ్లకు జ్వరాలు బాగా తగ్గుతాయి.

ట్యూబు కొనే ముందు

దురదకు మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే ట్యూబుల్లో చాలావరకు మూడు నాలుగు మందుల కలగలుపు. పేరు కింద చిన్న అక్షరాల్లో క్లోబెటాసోల్, బెటామెథాసోన్, మొమెటాసోన్ అని ఏది ఉన్నా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, ఎందుకంటే చర్మం పోరాటాన్నే అది ఆపేస్తుంది. దాని కింద తామర హాయిగా పాకుతుంది, చర్మం పలచబడుతుంది, ఆపగానే రెట్టింపై వస్తుంది. తొడల మధ్య, నడుము చుట్టూ ఏళ్ల తరబడి తగ్గని తామరల వెనుక ఎక్కువగా ఈ ట్యూబులే ఉన్నాయి.

రాత్రిళ్లు దురద ఎక్కువై ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే అది గజ్జి కావచ్చు, ముఖ్యంగా పిల్లలు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చాక. ఒక్కరికి మందు రాస్తే పోదు. దురద లేనివాళ్లతో సహా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకుని, దుప్పట్లు బట్టలు వేడి నీళ్లలో ఉతకాలి. గోకిన చోట చీము పడితే అది పిల్లల్లో కిడ్నీల దాకా పోవచ్చు కాబట్టి డాక్టరుకు చూపించండి. అలా వెళ్లేటప్పుడు అప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ, అయిపోయినవి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి.